ఐసీయూ మంచం తల వైపు కాస్త ఎత్తించండి సార్

సూపరింటెండెంట్ గారికి నమస్కారం.

మా అమ్మ మీ ఐసీయూలో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉంది. కట్టెల పొయ్యి పొగకు పాడైన ఊపిరితిత్తులు. సిస్టర్లు పాపం కూర్చోగా నేను చూడలేదు. కానీ నేను వెళ్లిన ప్రతిసారీ మంచం బల్లపరుపుగానే ఉంది. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి జారే ముప్పు తగ్గుతుంది. మంచం తిప్పే హ్యాండిల్ విరిగితే గాజుగుడ్డతో కట్టి వదిలేశారు!

ఇంకొకటి. ఇలాంటి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగులకు రక్తంలో ఆక్సిజన్ 88–92 శాతం చాలు, మరీ ఎక్కువిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవచ్చు. ట్యూబు తీశాక మాస్కు మీద 99 చూపిస్తే అందరం సంబరపడ్డాం, నాతో సహా. ఆ 88–92 అంకెను కేస్ షీట్ మీద పెద్దక్షరాలతో రాయించండి. హ్యాండిల్ ఈ వారమే బాగుచేయించండి.

ఇట్లు,
ఒక రోగి కొడుకు