మళ్ళీ బాప్తిస్మం ఎందుకమ్మా?

ప్రియమైన బుజ్జికి,

ప్రభువు నామమున నాన్న వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి మామూలే, తమ్ముడి చదువూ మామూలే.

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాట్సాప్ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ మొన్నటిలాగే నువ్వు ఏడుస్తావు, నేను గొంతు పెంచుతాను, మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుంటుంది, విషయం ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే కాగితం తీశాను. ముప్పై ఏళ్ళుగా నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళందరి దస్తావేజులూ రాసినవాణ్ణి, కూతురికి ఒక ఉత్తరం రాయలేనా.

నువ్వు అడిగింది ఇదీ. "నా రక్షణ పోయినట్టుంది నాన్నా, ఇక్కడ మీటింగ్‌కి వచ్చిన బ్రదర్ మళ్ళీ బాప్తిస్మం తీసుకోమంటున్నారు, తీసుకోనా?"

వద్దమ్మా. జవాబు ముందే చెప్పేశాను, ఇక కారణాలు చెప్తాను, తీరికగా చదువు. ఏం తప్పు చేశావో నువ్వు రాయలేదు, నేను అడగను. అమ్మకి చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే దేవుడికి చెప్పు, ఆయనకి ఎలాగూ తెలుసు.

నీ బాప్తిస్మం నాకు బాగా గుర్తు. 2019 జనవరి, తిత్లీ తుపాను వెళ్ళి మూడు నెలలైంది, మీ నానమ్మ పుట్టింటివాళ్ళ జీడితోట మొత్తం వేళ్ళతో సహా పడిపోయి ఆవిడ ఇంకా దాని గురించే మాట్లాడుతోంది. మడపాం దగ్గర వంశధారలో నీళ్ళు తక్కువ, నడుములోతు కోసం ఇసకలో చాలా దూరం నడిచాం. నీళ్ళు చల్లగా ఉన్నాయని నువ్వు ఒడ్డునే వణికిపోయావు, పైకి లేచాక మాత్రం నవ్వావు. ఆ రోజు పాస్టరుగారు నిన్ను అడిగింది "ఇకమీదట ఏ తప్పూ చెయ్యవా?" అని కాదు. "యేసుక్రీస్తును నీ సొంత రక్షకుడుగా నమ్ముతున్నావా?" అని. నువ్వు అవునన్నావు. ఇప్పుడు కాదనుకుంటున్నావా? కాదనుకునేదానివైతే రాత్రి రెండు గంటలకి ఇంత టెన్షన్ పడి నాకు మెసేజ్ పెట్టవు కదా.

ఆ బ్రదర్ చెప్పారని రాశావే, ఒక పాపం ఒప్పుకోకముందే లారీ గుద్దేస్తే నేరుగా నరకమేనని. ఈ మాట నా చిన్నప్పుడు కూడా విన్నాను, అప్పుడు లారీ బదులు పాము. వింటే భయం పుడుతుంది, కానుకలు కూడా బాగా పడతాయి (ఇది నా నోటి దురుసు, వదిలేయ్). కానీ ఆలోచించు, మనం చేసిన తప్పులన్నీ మనకు తెలుస్తాయా? "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?" అని 19వ కీర్తనలో దావీదే అడిగాడు. ఆ లెక్కన ఒప్పుకోని పాపం ఒక్కటైనా లేకుండా చచ్చిపోయినవాడు ఈ జిల్లాలో ఒక్కడు కూడా ఉండడు. అప్పుడిక రక్షించేది క్రీస్తు కాదు, మన జ్ఞాపకశక్తి.

నా పని భాషలో ఒకటి చెప్తాను, నాకు ఇది బాగా తెలిసిన సంగతి. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం తియ్యి, 13, 14 వచనాలు. నమ్మినవాళ్ళు ఆత్మచేత "ముద్రింపబడితిరి" అని ఉంటుంది, ఆ తర్వాత ఆ ఆత్మే మన స్వాస్థ్యానికి, అంటే మనకు రావలసిన వారసత్వానికి, "సంచకరువు" అని ఉంటుంది. మీ తరంవాళ్ళు ఆ మాట దగ్గరికి రాగానే తడబడి దాటేస్తారు. నేను పని నేర్చుకున్న పెద్దాయన పాత చిత్తుకాగితాల్లో ఈ మాట చూశాను. సంచకరువు అంటే బజానా, ఇప్పుడందరూ అడ్వాన్స్ అంటున్నది. పొలం బేరం కుదిరాక కొనేవాడు ముందు కొంత సొమ్ము ఇస్తాడు, మిగతాది ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటానని దానర్థం. కొనేవాడు వెనక్కి తగ్గితే మామూలుగా ఆ అడ్వాన్స్ పోయినట్టే. ఇక్కడ కొనేవాడు ఎవరు? దేవుడు. అడ్వాన్స్‌గా పెట్టింది ఏమిటి? లక్ష రూపాయలు కాదు, తన సొంత ఆత్మ. నా టేబుల్ ముందు కూర్చుని అడ్వాన్స్ వదిలేసుకుని పోయినవాళ్ళని చాలామందిని చూశాను, ఎక్కువగా పదివేలో ఇరవైవేలో ఇచ్చినవాళ్ళే, పెద్దమొత్తం పెట్టినవాడు ఎలాగైనా తిప్పలుపడి వచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకునే పోతాడు. దేవుడు తన ఆత్మను వదిలేసుకుని బేరం మానుకుంటాడని నేను నమ్మలేను. పొలం మాటకొస్తే, అది మంచి పొలమని ఆయన కొనలేదు. ఈసీ, అదే భూమి మీద ఏ లావాదేవీలు ఉన్నాయో చూపే కాగితం, తీయించుకోకుండా కొన్న అమాయకుడు కూడా కాదు, అప్పులూ తగాదాలూ అన్నీ తెలిసే కొన్నాడు.

ఇంకొకటి. చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్దాయన మా ఆఫీసుకి వచ్చాడు. చిన్నప్పుడు దత్తత తీసుకున్న కుర్రాడు పెద్దయ్యాక మాట వినకుండా డబ్బు తీసుకుని సూరత్ పారిపోయాడట. "ఆ దత్తత రద్దు చేసినట్టు కాగితం రాయి, ఎంతైనా ఇస్తాను" అన్నాడు. నేను రాయలేనన్నాను. 1956 నాటి హిందూ దత్తత చట్టంలో 15వ సెక్షన్ అదే చెప్తుంది, పద్ధతిగా జరిగిన దత్తతను పెంచుకున్న తండ్రి గానీ తల్లి గానీ మరెవరు గానీ రద్దు చెయ్యలేరు, ఆఖరికి ఆ పిల్లవాడు కూడా "నాకు వద్దు" అని తన పాత ఇంటికి తిరిగి పోలేడు. పెద్దాయన చాలాసేపు కూర్చుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి రోమా 8 చదువుతుంటే "దత్తపుత్రాత్మ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అప్పటిదాకా ఎన్నిసార్లు చదివానో, ఆ మాట కనబడనే లేదు.

అది హిందువుల చట్టం, మనకు వర్తించదు, పైగా ఆ పెద్దాయన వీలునామా రాసి తన సొంత ఆస్తి వేరేవాళ్ళకి ఇచ్చేసుకోవచ్చు, కొడుకు కొడుకుగానే ఉంటాడు గానీ చేతికి ఏమీ రాదు. కాబట్టి నా పోలిక అక్కడికి వచ్చేసరికి తెగిపోతుంది. పౌలు మాత్రం అదే అధ్యాయంలో, పిల్లలమైతే వారసులమే అంటాడు. మన చట్టం ఇచ్చినదానికంటే దేవుడు ఇంకో మెట్టు ఎక్కువే ఇచ్చాడు.

ఇక నీ గొడవంతా హెబ్రీ 6తో కదా. నాలుగు నుంచి ఆరు వచనాలు. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, తర్వాత తప్పిపోయినవాళ్ళని మళ్ళీ మారుమనస్సుకి తేవడం అసాధ్యం అని. నేను దీన్ని తేలిగ్గా తీసెయ్యను. పెద్దపెద్దవాళ్ళే దీని దగ్గర మూడు నాలుగు దారులు పట్టారు. వాళ్ళు రుచి చూశారే గానీ నిజంగా నమ్మలేదని కొందరు, నిజంగా నమ్మి పోగొట్టుకున్నారని కొందరు, ఇది కాపాడటానికే ఇచ్చిన హెచ్చరిక అని కొందరు. నేను మొదటి దారికీ మూడో దారికీ మధ్య ఎక్కడో ఉన్నాను. కానీ ఒకటి గమనించు. ఆ వచనం పోగొట్టుకోవడం గురించే అనుకుందాం, అదే వచనం తిరిగి తేవడం అసాధ్యం అంటోంది కదా? మరి ఆ బ్రదర్ "పోయింది, రా, మళ్ళీ తీసుకో" అని ఎలా పిలుస్తున్నాడు? సగం వచనంతో నిన్ను భయపెట్టి, రెండో సగాన్ని తనే కొట్టేస్తున్నాడు. పైగా 9వ వచనంలో ఆ రాసినాయనే "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో మాత్రం ఇంతకంటే మంచిది, రక్షణకి సంబంధించినదే మేము నమ్ముతున్నాం అంటాడు. అక్కడిదాకా చదివారా మీ మీటింగ్‌లో?

ఇది మీ హాస్టల్లో పుట్టిన గొడవ కాదులే. 1610లో హాలండులో అర్మీనియస్ అనే బోధకుడి శిష్యులు తమ ఐదు అంశాలు రాసినప్పుడు సరిగ్గా ఈ ఐదోదాని దగ్గరే, నమ్మినవాడు పడిపోగలడా లేదా అన్నది లేఖనాల్లో ఇంకా వెతకాలి అని రాసుకున్నారు, 1618-19లో అక్కడి సంఘాల పెద్దలు కూడిన డోర్ట్ సభ మాత్రం దేవుడు తనవాళ్ళని చివరిదాకా నిలబెడతాడని తేల్చింది. మెథడిస్టుల వెస్లీ పడిపోవచ్చన్నాడు. సాలూరు వైపు లూథరన్లు ఉన్నారు, వాళ్ళ బోధ కూడా విశ్వాసాన్ని పోగొట్టుకునే వీలుందనే. రోమన్ కాథలిక్కుల లెక్క వేరే. మన జిల్లాలోకి 1870లలో కెనడా నుంచి బాప్టిస్టులు వచ్చారు, మన సంఘం వాళ్ళు నాటిన మొక్క, కానీ బాప్టిస్టుల్లోనే రెండు వర్గాలూ మొదటినుంచీ ఉన్నాయి. వీళ్ళందరిలోనూ ప్రభువుని ప్రేమించినవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఆ బ్రదర్‌తో తగువు పెట్టుకోకు, వందనాలు చెప్పి పక్కకి వచ్చెయ్యి.

"అయితే ఏం చేసినా ఫర్వాలేదన్నమాట" అని నీ రూమ్మేట్ నవ్విందన్నావు. దానికి నా కథే చెప్పాలి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2011లో ఒక స్థలం అగ్రిమెంట్ రాశాను. ఆ స్థలం మీద అంతకుముందే ఇంకొకరికి రిజిస్టర్ కాని అగ్రిమెంట్ ఉందని నాకు తెలుసు, నా చేతిరాతే అది. అమ్మేవాడు ఐదువేలు ఎక్కువ చేతిలో పెట్టాడు, నేను నోరు మూసుకున్నాను. మీ స్కూలు ఫీజు అని నాకు నేను చెప్పుకున్నాను, నిజానికి ఫీజు అప్పటికే కట్టేశాను. ఆ కొన్నావిడ రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. విషయం బయటపడలేదు, నా మీద మచ్చ రాలేదు, కానీ ఏడు నెలలు నేను ప్రభువు బల్ల, ఆ రొట్టే ద్రాక్షరసమూ, తీసుకోలేదు. కడుపులో బాగాలేదని మీ అమ్మకి చెప్పేవాణ్ణి. రక్షణ పోయిందనే అనుకున్నాను నేను కూడా. 51వ కీర్తన ఒక రోజు కళ్ళబడింది, దావీదు అంత ఘోరం చేశాక కూడా నీ రక్షణ మళ్ళీ ఇయ్యి అనలేదు, "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అన్నాడు. పోయింది ఆనందం. అదీ ఊరికే తిరిగి రాలేదు నాకు. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను, ఆయన ఓదార్చలేదు, "ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు" అన్నారు. వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి తిట్టింది, వీధంతా విన్నారు. కోర్టులో నా సాక్ష్యం ఆవిడ తరఫున చెప్పాను, ఆవిడ ఖర్చుల్లో నా వాటా అని మూడేళ్ళు నెలనెలా కట్టాను. ఆ మూడేళ్ళే మనింట్లో పండక్కి కొత్తబట్టలు లేనివి. నాన్న పిసినారి అనుకున్నారు మీరు.

ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడని హెబ్రీ 12లో ఉంది. వదిలేసినవాణ్ణి శిక్షించడు. పాపం చేసి హాయిగా నిద్రపట్టేవాడి గురించైతే నేను కూడా భయపడతాను, వాడు అసలు ఎప్పుడైనా నమ్మాడా అని. నీకు నిద్రపట్టడం లేదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నానమ్మ గురించి.

నువ్వు నర్సింగ్‌లో చేరకముందే ఆవిడకి చెంచాతో జావ పట్టింది నువ్వే కాబట్టి నీకు నాకంటే ఎక్కువ తెలుసు. పలాసలో జీడిపిక్కలు కొట్టిన చేతులు, ఆ సెగకీ నూనెకీ వేళ్ళు నల్లబడి చర్మం ఊడిపోయినా ఆదివారం మానని మనిషి. చదువు లేదు, కీర్తనలు మాత్రం నోటికి వంద పైగా వచ్చు. ఆఖరి రెండేళ్ళలో ముందు నా పేరు పోయింది, తర్వాత నీ పేరు, తర్వాత కీర్తనలు ఒక్కొక్కటీ. ఒకరోజు ప్రార్థన చేద్దామమ్మా అని నేను యేసయ్య పేరెత్తితే, "ఎవలు నాయినా ఆయన? మనోలేనా?" అంది. నువ్వు వంటింట్లోకి వెళ్ళిపోయావు, ఏడవడానికి అని నాకు తెలుసు. నేను మాత్రం "మనోలే అమ్మా" అన్నాను, ఇంకేం అనాలో తోచలేదు.

ఇప్పుడు చెప్పు. ఆవిడ పట్టు వదిలేసింది. నమ్మకం, ఒప్పుకోలు, జ్ఞాపకం, అన్నీ వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. పశ్చాత్తాపపడదామన్నా ఏం చేసిందో గుర్తులేదు. పాలకొండవైపు నుంచి వచ్చిన ఒక చుట్టం భూస్థాపన రోజున "పాపం, విశ్వాసంలో పోయిందో లేదో" అన్నాడు, మీ అమ్మ ఆయనకి అన్నం వడ్డించకుండా లేచిపోయింది. నానమ్మ ప్రభువుని మర్చిపోయింది నిజమే. "ప్రభువు తనవారిని ఎరుగును" అని 2 తిమోతి 2:19లో ఉన్నది ఆవిడకి గుర్తున్నా లేకపోయినా పనిచేసే మాట. యోహాను 10లో కూడా ప్రభువు గొర్రెల పట్టు గురించి ఏమీ చెప్పలేదు, ఎవడూ వాటిని నా చేతిలోనుంచి లాక్కోలేడన్నాడు, తండ్రి చేతిలోనుంచి కూడా అని ఇంకోసారి అన్నాడు. నానమ్మ ఆ చేతిలో ఉందని నువ్వు నమ్ముతావా లేదా? నమ్ముతావు, సమాధి మీద పూలు పెట్టినప్పుడు నీ ముఖం చూశాను. ఆవిడకి సరిపోయినది నీకు ఎందుకు సరిపోదు?

ఆ తప్పేదో దాన్ని ఒప్పుకో, ఎవరికైనా నష్టం చేసి ఉంటే సరిచెయ్యి, డబ్బు కావాలంటే అడుగు, కారణం అడగను. అంతేగానీ బాప్తిస్మం మళ్ళీ వద్దు. ఒకసారి రిజిస్టర్ అయిన దస్తావేజుని భయం వేసినప్పుడల్లా మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవడానికి వస్తే మా సబ్ రిజిస్ట్రారుగారు కేకలేస్తారు.

ఈ ఆదివారం అక్కడ సంఘంలో బల్ల ఉందన్నావు. నాలాగా కడుపులో బాగాలేదని చెప్పి వెనక కూర్చోకు. వెళ్ళి తీసుకుని, బయటికి వచ్చాక ఫోన్ చెయ్యి. ఆదివారం నాకు ఆఫీసు లేదు, ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఈసారి గొంతు పెంచను. అమ్మ కిలో జీడిపప్పు పార్సిల్ కడుతోంది, నీ రూమ్మేట్‌కి కూడా పెట్టు.

మీ నాన్న