‘అర్థమైందా?’ అని అడిగితే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

గర్భిణుల ఇళ్లకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తల పనిని చాలాచోట్ల రిజిస్టరు చూసి కొలుస్తున్నారు. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎన్ని ఐరన్ మాత్రలు ఇచ్చారు అన్నదే లెక్క. కార్యకర్త వెళ్లిపోయాక ఆ గర్భిణికి ఏం గుర్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. నా బాధంతా అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో గర్భం, కాన్పు సంబంధిత కారణాలతో రోజుకు 700 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. వీటిలో ఎక్కువ భాగం ఆపగలిగినవే. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే, అంతవరకు ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి మరణాల వెనక ఉండే ఆలస్యాలను 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడుగా విడదీశారు. బయల్దేరాలని తేల్చుకోవడంలో ఒకటి, ఆసుపత్రికి చేరడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఇంకొకటి. మూడోది ఆసుపత్రి చూసుకోవాలి. మొదటి రెండింటినీ తగ్గించడానికి ఇంటికొచ్చే కార్యకర్త చాలా చేయగలదు.

అయితే జరుగుతున్నదేమిటి? తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాయడం, రక్తం కనబడటం, బిడ్డ కదలిక తగ్గడం, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం... ఈ ప్రమాద సూచనలన్నీ కార్యకర్త కార్డు చూసి గడగడా చదివేస్తుంది. “డౌట్లేమైనా ఉన్నాయా అమ్మా?” అంటే గర్భిణి మొహమాటపడి “లేవండీ” అంటుంది. అక్కడితో పని అయిపోతుంది.

అదే కార్యకర్త, “రాత్రి రెండింటికి ఉమ్మనీరు పోయిందనుకో, ముందు ఎవరిని లేపుతావు? బండికి ఎవరికి ఫోన్ చేస్తావు?” అని అడిగి చూడాలి. ఆమె తడుముకుంటే ఎక్కడ అర్థం కాలేదో అప్పుడే తెలిసిపోతుంది. ఇంట్లో నిర్ణయం తీసుకునేవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టి అడగాలి. ‘నెలలు నిండాయిగా, ఇదంతా మామూలే’ అని ఆపేది ఎక్కువగా వాళ్లే. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం లాంటి బీపీ పెరిగిన లక్షణాలను అలా వదిలేస్తే ఫిట్స్ దాకా పోవచ్చు.

భయం సంగతి కూడా మాట్లాడాలి. తొలి కాన్పుకు నొప్పులు చాలా గంటలు సాగుతాయని, మధ్యలో లేచి నడవొచ్చని, నిదానంగా ఊపిరి తీసుకుంటే కొంత ఓర్చుకోగలమని ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. నొప్పుల సమయంలో తనకు నచ్చిన మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫార్సు చేస్తోంది. ఆ తోడు ఎవరో ముందే అనుకోవద్దా?

తప్పు కార్యకర్తలదని అనడం లేదు. తక్కువ డబ్బుకు తలకు మించిన పని చేస్తున్నారు. వాళ్లకు చెప్పాల్సిన విషయాలు నేర్పారు గానీ, అడగడం, వినడం నేర్పలేదు. శిక్షణలో సగం సమయమైనా ఒకరు గర్భిణిగా, ఇంకొకరు కార్యకర్తగా కూర్చుని మాట్లాడి చూసుకోవడానికి ఇవ్వాలి. సూపర్‌వైజర్లు రిజిస్టరు మీద సంతకం పెట్టే ముందు ఒకరిద్దరు గర్భిణుల దగ్గరికి వెళ్లి, ప్రమాద సూచనలేమిటో, అవి కనిపిస్తే ఏం చేస్తారో వాళ్లనే అడగాలి. ఆరోగ్య శాఖ అధికారులు ఈ రెండు మార్పులూ వచ్చే శిక్షణ నుంచే మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు