గ్రాఫీన్ లెక్క అనంతపురంలోనూ కట్టొచ్చు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో గ్రాఫీన్ (షడ్భుజాల వలలా అల్లుకున్న, ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర) మీద వచ్చిన వ్యాసాన్ని మా డిగ్రీ పిల్లలతో కలిసి చదివాను. ఇలాంటి విషయం తెలుగులో వచ్చినందుకు సంతోషం. కానీ ఒక్క మాట దగ్గర మనసు చివుక్కుమంది. ఈ పరిశోధన కోట్ల రూపాయల యంత్రాలున్న చోటే సాధ్యమని, ఆసక్తి ఉన్నవాళ్లు ఐఐటీలోనో విదేశంలోనో సీటు చూసుకోవాలని రాశారు. తయారు చేయడం, కొలవడం వరకూ అది నిజమే. లెక్క కట్టడం మాత్రం మామూలు డిగ్రీ కాలేజీలో కూడా అవుతుంది. మా తరగతిలో చేస్తున్నాం.

2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవొసెలోవ్ గ్రాఫైట్ నుంచి టేపుతో ఒక్క పొర లాగిన కథ, 2010 నోబెల్ సంగతి మీరు రాశారు. అంచుల సంగతి రాయలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. పెద్ద గ్రాఫీన్ పొరకు ఇనుములాంటి అయస్కాంత గుణం ఉండదు. చిన్న ముక్క చేస్తే మాత్రం దాని ఆకారాన్ని బట్టి, అంచు ఎటు తెగిందన్నదాన్ని బట్టి ఆ గుణం పుట్టొచ్చు. అందులో ఉండేవల్లా కార్బన్, అంచున హైడ్రోజన్ మాత్రమే.

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే మా విద్యార్థిని ఒకమ్మాయి అలాంటి చిన్న ముక్కను నోటుబుక్కులో గీసింది. కింద మూడు షడ్భుజాలు, వాటి మీద రెండు, ఆపైన ఒకటి. మూలమూలకీ ఒక కార్బన్ చొప్పున మొత్తం 22. ఒకదానికి ఎర్ర పెన్ను, పక్కదానికి నీలం పెన్ను. ఒకే రంగు రెండు పక్కపక్కన రాకూడదు. లెక్కపెడితే ఎరుపు 12, నీలం 10 తేలాయి. ఆ తర్వాత ఒక షడ్భుజం చుట్టూ ఆరు గీసింది. ఆ 24 కార్బన్ల ముక్క పేరు కరొనీన్. అక్కడ 12, 12. "మేడమ్, దీంట్లో ఏమీ మిగల్లేదే!" అంది. సరిగ్గా అక్కడే ఉంది కిటుకు. భౌతిక శాస్త్రవేత్త ఎలియట్ లీబ్ 1989లో నిరూపించిన సిద్ధాంతం ప్రకారం రెండు రంగుల తేడాలో సగమే ఆ ముక్క స్పిన్ (ఎలక్ట్రాన్లను చిన్న అయస్కాంతాల్లా చేసే గుణం). త్రిభుజంలో తేడా రెండు. అంటే జత కుదరని ఎలక్ట్రాన్లు రెండు, వాటి స్పిన్ ఒకే వైపు.

పక్క పరమాణువుకు ఎలక్ట్రాన్ దూకే శక్తిని 2.7 ఎలక్ట్రాన్ వోల్టులుగా తీసుకుని, 22 అడ్డువరసలు, 22 నిలువు వరసల మాత్రిక రాసి, ఉచితంగా దొరికే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఐగెన్ విలువలు, అంటే ఎలక్ట్రాన్లకు ఉండగల శక్తులు, తీశాం. రెండు విలువలు సున్నా దగ్గర నిలిచాయి. జత కుదరని ఆ రెండు ఎలక్ట్రాన్ల చోటు అదే. మా ల్యాబులో ఉన్నది పాత కంప్యూటరే, అయినా ఎంటర్ నొక్కీనొక్కగానే జవాబు వచ్చేసింది.

ఈ త్రిభుజాన్ని ట్రయాంగులీన్ అంటారు. రసాయన శాస్త్రవేత్త ఎరిక్ క్లార్ 1950లలో తయారు చేయబోతే ఆ జతలేని ఎలక్ట్రాన్ల మూలంగానే అణువులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. 2017లో జూరిక్‌లోని ఐబీఎం, వార్విక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని సూదిమొనతో అదనపు హైడ్రోజన్లను తీసేసి దాన్ని సాధించారు.

ముక్కను రిబ్బన్‌గా సాగదీస్తే ఎలక్ట్రాన్ ప్రవాహం కూడా లెక్కలోకి వస్తుంది. జిగ్‌జాగ్ (రంపపు పళ్లలా తెగిన) అంచులున్న రిబ్బన్‌లో కొన్ని ఎలక్ట్రాన్ స్థితులు అంచుల్నే అంటిపెట్టుకుంటాయని 1996లో జపాన్‌లో ఫుజితా బృందం చూపింది. ఒక అంచున స్పిన్లు పైకి, ఎదుటి అంచున కిందికి. రిబ్బన్‌కు అడ్డంగా విద్యుత్ క్షేత్రం పెడితే ఒక రకం స్పిన్ ఎలక్ట్రాన్లకే దారి ఉంటుందని 2006లో బర్క్‌లీలో సన్, కోహెన్, లూయీ లెక్కగట్టారు. ఆర్మ్‌చెయిర్ (చేతుల కుర్చీ ఆకారంలో తెగే మరో రకం) అంచులకు ఈ గుణం లేదు. అసలు రిబ్బన్ల అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పొడవాటి అంచు వెంట స్పిన్ల వరస వేడికి చెదురుతుంది. అందుకే రేపే ఇది ఫోన్లలోకి వస్తుందని నేను పిల్లలకు చెప్పను. అంచున ఒక్క పరమాణువు ఊడితే ప్రవాహం ఎంత మారుతుంది అన్న ప్రశ్న మాత్రం వాళ్లు ఇప్పుడే, ఇక్కడే వేసుకోగలరు.

గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు ద్రవంలా పారుతూ, వేడినీ కరెంటునీ మోసే గుణాలు లోహాల్లో ఒకదానికొకటి అనులోమంగా ఉంటాయనే వీడెమన్-ఫ్రాంజ్ నియమాన్ని 200 రెట్లకు పైగా దాటాయని 2025లో ప్రకటించింది బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) బృందమే. మా ఊళ్లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా బెంగళూరులో ఉంటాం. అలాంటి చోటికి పీజీకి పోయే పిల్ల ఇక్కడే ఒక మాత్రిక రాసి ఉంటే ఎంత ధైర్యం!

అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు "ఫిజిక్స్ తీసుకుంటే ఏమొస్తుందమ్మా?" అని అడుగుతున్నారు. పిల్లలేమో తప్పనిసరి ఇంటర్న్‌షిప్ కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నారు. అధ్యాపకుల పర్యవేక్షణలో చేసే ఇలాంటి గణన పనిని ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకోవాలని ఉన్నత విద్య అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు కూడా ఆ 22 చుక్కల త్రిభుజాన్ని రంగులు నింపకుండా చదువుల పేజీలో వేయండి. బొమ్మ, చిన్న ప్రోగ్రాము, తెలుగులో వివరణ నేను రాసి పంపుతాను.

— భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, అనంతపురం