ఆదివారం సూక్ష్మచిత్రాల అభ్యాసం

మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు భవానీ నగర్‌లో మనం ఎప్పుడూ కలిసే మేడమీది గదిలో సూక్ష్మచిత్ర కళపై అభ్యాసం ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ చూస్తూ పెరిగిన మనకు వెదురు కలం, కరక్కాయ నీళ్లు కొత్త కావు కానీ, అరచేతిలో ఇమిడే కాగితం మీద బొమ్మ వేయడానికి మరో రకమైన ఓపిక కావాలి.

ఈ చిత్రాలకు వాడే వస్లీ అంటే పలుచని కాగితాలను పిండి జిగురుతో పొరలుగా అతికించి, ఆరాక నున్నటి రాయితో రుద్ది తయారుచేసే అట్ట. చిత్రకారులు ఉడుత తోక వెంట్రుకల కుంచెతో కనురెప్పల వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీసేవారు. నీలిమందు, ఇంగిలీకం (ఎర్ర రంగునిచ్చే ఖనిజం), దీపపు మసి వంటి రంగులను తుమ్మ జిగురుతో కలిపేవారు. జమ్మూ ప్రాంతపు బసోహ్లీ చిత్రాలలో నగల పచ్చలు మెరవడానికి పురుగుల రెక్క ముక్కలను అతికించేవారంటే, ఆ శ్రద్ధకు నేను ఇప్పటికీ చేతులెత్తి నమస్కరిస్తాను. మన దక్కనులో గోల్కొండ, బీజాపూరు ఆస్థానాలూ ఈ కళను పోషించాయి కనుక, ఆ చిత్రాల నకళ్లు కూడా చూపిస్తాను.

ప్రతి ఒక్కరూ మూడు సున్నాల (000 సైజు) సన్నని కుంచె, చిన్న గిన్నె, పాత నూలు గుడ్డ తెచ్చుకోవాలి. వస్లీ, రంగులు నేను తెస్తాను. అయితే అట్ట ముందుగా అతికించి ఆరబెట్టాలి కాబట్టి, వచ్చేవారు గురువారం రాత్రిలోగా ఇక్కడే పేరు రాయండి. కళ్లద్దాలు వాడేవారు దయచేసి మరచిపోకండి.