వార్షిక నివేదిక: రోజర్స్ సిటీ ప్రయాణం, ఇతర విశేషాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల పత్రం విడిగా పంపాం. అందరూ అడుగుతున్నది వేసవి ప్రయాణం గురించే కాబట్టి మిగతా చోటంతా దానికే.

పార్కులో పిక్నిక్ మానేసి, డెట్రాయిట్ నుంచి నాలుగు గంటల దూరంలో హ్యూరన్ సరస్సు ఒడ్డునున్న రోజర్స్ సిటీకి వెళ్దామంటే కార్యవర్గంలోనే సగంమంది పెదవి విరిచారు. "క్వారీలో ఏముందండీ చూడ్డానికి?" అన్నారు. పైగా బస్సు గంట ఆలస్యం. పులిహోర ఊరు దాటకముందే ఖాళీ.

అక్కడి కాల్సైట్ క్వారీకి ప్రపంచంలోకెల్లా పెద్ద సున్నపురాయి క్వారీ అని పేరు. గట్టు మీది నుంచి చూస్తే కింద తిరిగే లారీల సైజు మొదట అంతుపట్టలేదు. వాటి చక్రాలే మనిషికన్నా ఎత్తట. పిడుగురాళ్ల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకరు దారిలో దొరికిన రాయి ముక్కను గోటితో గీకి చూసి, "మా బట్టీల్లో కాల్చేది ఇలాంటిదే కదయ్యా" అన్నారు. రాయి అలాంటిదే గానీ ఇక్కడ దీనికి ఉక్కు కొలిమిల గిరాకీ కూడా ఉంది. ఖనిజంలోని మలినాలను పట్టి తెట్టులా పైకి తేలుస్తుంది.

1910లో కంపెనీ పెట్టారు, 1912లో రాయి ఓడలెక్కింది. క్వారీ పక్కనే సరస్సు ఉండటం వీళ్ల అదృష్టం. ఆ ఓడల పనితనం మన ఇంజనీర్లకు తెగ నచ్చింది. అడుగున గరాటుల్లాంటి అరలు, వాటి కింద కన్వేయర్ బెల్టు. రేవులో క్రేన్ లేకపోయినా పొడవాటి చెయ్యి చాపి సరుకు ఒడ్డున పోసేస్తాయి.

మ్యూజియంలో మాత్రం ఎవరూ జోకులు వేయలేదు. గోడల మీద ఓడల్లో పనిచేసినవాళ్ల ఫొటోలు. 639 అడుగుల కార్ల్ డి. బ్రాడ్లీ అనే ఓడ ఇండియానాలో రాయి దించి ఖాళీగా తిరిగొస్తూ 1958 నవంబరు 18న మిషిగన్ సరస్సు తుఫానులో మునిగింది. 35 మందిలో 33 మంది పోయారు, వాళ్లలో 23 మంది ఈ ఊరివాళ్లే. ఇద్దరు రాత్రంతా తెప్ప మీద గడిపి బతికారు. నవంబరులో కారు దిగి గుమ్మం దాకా నడవడానికే విసుక్కుంటాం మనం. ఏడేళ్లు తిరక్కుండానే, 1965 మేలో, రాయి నింపుకొని వెళ్తున్న సెడర్‌విల్ అనే ఓడను పొగమంచులో నార్వే ఓడ ఢీకొంది. మరో పదిమంది పోయారు. 2007లో డైవర్లు బ్రాడ్లీ గంటను పైకి తెచ్చి, దాని స్థానంలో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన కొత్త గంటను అడుగున వదిలి వచ్చారని విన్నాక పిల్లలు కూడా కాసేపు నోరెత్తలేదు.

ఒక్కటే వెలితి. రేవు దగ్గర సాయంత్రం దాకా కాచుకున్నా ఒక్క ఓడ రాలేదు. మళ్లీ వెళ్దామని చాలామంది అడుగుతున్నారు. చలికాలంలో ఓడలు ఆగిపోతాయి గనుక స్ప్రింగ్ బ్రేక్‌ను నమ్ముకోలేం. జూన్‌లో, ఓడ వచ్చే రోజు కనుక్కుని వెళ్దాం. వచ్చేవాళ్లు ఏప్రిల్‌లోగా పేర్లివ్వండి. బస్సు ఈసారి వేరేవాళ్లతో మాట్లాడుతున్నాం.

కార్యదర్శి