అక్కా, ఆ మాత్రలు మాత్రం పంపను

గోటింగెన్, జర్మనీ

ప్రియమైన అక్కకి,

నీకు మూడో నెల అని అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వేవిళ్ళు కాస్త తగ్గాయా? బావ ఆఫీసు నుంచి పెందలాడే వస్తున్నారా? బెంగళూరు ట్రాఫిక్‌లో నువ్వు ఒక్కదానివే స్కూటీ మీద తిరగొద్దు.

నువ్వు అడిగిన చాక్లెట్లు, అమ్మకి స్వెటర్ కొనేశాను. విటమిన్ ఏ మాత్రలు మాత్రం పంపను. కళ్ళకి, చర్మానికి మంచివని మీ మత్తికెరె ఫ్రెండ్ చెప్పిందన్నావు. మామూలు రోజుల్లో అయితే ఏమో గానీ, ఇప్పుడు నీకు అవి వద్దు. ఎందుకు వద్దో ఫోన్లో హడావిడిగా చెప్తే సరిపోదని తీరిగ్గా రాస్తున్నా. నేను ఇక్కడ ల్యాబ్‌లో రోజంతా చేసే పని కూడా ఈ విటమిన్ ఏ మీదే.

విటమిన్ ఏకి నీళ్ళంటే పడదు. చారు మీద పోపు నూనె తేలినట్టు అది రక్తంలో కలవకుండా ఉండిపోతుంది. అదుపు లేకుండా తిరిగిందంటే కణాల పొరల్లో దూరి వాటిని పాడు చేస్తుంది. అందుకే ఒంట్లో అది ఎక్కడికి వెళ్ళాలన్నా పక్కన ఏదో ఒక ప్రొటీన్ ఉండి తీరాలి. నువ్వు తిన్న చిర్రాకులో బీటా కెరోటిన్ ఉంటుంది, ఒంట్లో విటమిన్ ఏగా మారేది అదే. దాన్ని పేగు కణాలు రెండుగా విరుస్తాయి. అలా తయారైన రెటినాల్‌ని, అంటే విటమిన్ ఏని, అక్కడే ఒక ప్రొటీన్ పట్టుకుని, దానికి కొవ్వు ఆమ్లం తగిలించే ఎంజైముకి అప్పగిస్తుంది. ఆ తర్వాత అది కొవ్వు బొట్లలో కలిసి కాలేయం చేరుతుంది. అక్కడ నక్షత్ర కణాలని ఉంటాయి. ఒంట్లో ఉన్న విటమిన్ ఏలో చాలా భాగం వాటి దగ్గరే నిల్వ.

ఆ కణాలని నీకు ఒక్కసారైనా చూపించాలని ఉంది అక్కా. వెలుతురు తగిలితే విటమిన్ చెడిపోతుందని ట్యూబులన్నిటికీ అల్యూమినియం రేకు చుట్టి, ఎర్ర లైటు కింద పని చేస్తాం. మైక్రోస్కోప్‌లో అతినీలలోహిత కాంతి వేయగానే కణం లోపలి కొవ్వు బొట్లు నీలం, పచ్చ కలిసిన రంగులో భగ్గుమంటాయి. రంగు మేం వేసింది కాదు, ఆ వెలుగు విటమిన్‌దే. కన్ను ఆనించి చూస్తుండగానే ఒక్కో బొట్టూ మసకబారి ఆరిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

కాలేయం నుంచి బయటికి రావాలంటే ఆర్‌బీపీ (రెటినాల్ బైండింగ్ ప్రొటీన్) అనే ఇంకో ప్రొటీన్ కావాలి. ఒక ఆర్‌బీపీ ఒక్క రెటినాల్ అణువునే మోస్తుంది. అది చిన్నది కాబట్టి మూత్రంలో జారిపోకుండా ట్రాన్స్‌థైరెటిన్ అనే పెద్ద ప్రొటీన్ దానికి తోడుగా ఉంటుంది. కంటి వెనక పొరలో ఈ ఆర్‌బీపీ దగ్గర సరుకు దించుకునే ద్వారం పేరు స్ట్రా6. దాన్ని 2007లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ వాళ్ళు కనిపెట్టారు. తిండిలో ప్రొటీన్ చాలకపోతే కాలేయం ఆర్‌బీపీని సరిగా తయారు చేయలేదు. అప్పుడు లోపల నిల్వ ఉన్నా కంటికి అందదు. వాంతులవుతున్నాయని నువ్వు పప్పు మానేశావని అమ్మ చెప్పింది. నాకు టెన్షన్ అంతా దాని గురించే.

ఇక బిడ్డ సంగతి. కణంలోకి వెళ్ళిన రెటినాల్‌లో కొంత రెటినోయిక్ ఆమ్లంగా మారుతుంది. దాన్ని ఇంకో రకం ప్రొటీన్ పట్టుకుని కేంద్రకంలోకి చేరుస్తుంది. అక్కడ ఏ జన్యువు పని చేయాలో, ఏది ఆగాలో అది చెప్తుంది. బిడ్డకి గుండె, వెన్ను, చేతులు రూపు కట్టే వారాల్లో పిండంలో ఒకచోట ఈ ఆమ్లం తయారవుతుంటే, పక్కనే దాన్ని విరగ్గొట్టే ఎంజైములు కాపలా ఉంటాయి. ఎక్కడ ఎంత ఉందన్నదాన్ని బట్టే అక్కడి కణాలు ఏమవ్వాలో తేలుతుంది. మాత్రలతో రెటినాల్‌ని కుమ్మరిస్తే మోసే ప్రొటీన్లు చాలవు, ఆ లెక్క తప్పుతుంది. మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్ ఈ ఆమ్లానికి ఇంకో రూపమే. 1982లో అమెరికాలో అమ్మకానికి వచ్చాక, గర్భంతో ఉండి అది వాడినవాళ్ళకి పుట్టిన పిల్లల్లో గుండె, చెవులు, మెదడు లోపాలు బయటపడ్డాయి. నీ పాత మొటిమల మందు ఏదైనా బీరువాలో మిగిలి ఉంటే ముట్టుకోకు.

ఆకుకూరలకి, క్యారెట్‌కి, బాదామి మామిడిపండుకి ఈ భయం లేదు. ఒంట్లో సరిపడా ఉంటే పేగు కెరోటిన్‌ని విరవడం తగ్గిస్తుంది. మల్లేశ్వరం మార్కెట్లో దొరికే మునగాకు, దంటు సొప్పు (అదే, తోటకూర) తెప్పించుకో. పప్పులో వేసి, నూనె కాస్త చేతికి వచ్చినట్టే పోసి పోపు పెట్టమను. నూనె లేకుండా ఉడికించిన ఆకు తింటే కెరోటిన్ సరిగా ఒంటికి పట్టదు. పప్పు సయించకపోతే గుడ్డో పెరుగో తిను. కాలేయం కూర మాత్రం ఈ నెలల్లో వద్దు, అందులో రెటినాల్ మరీ ఎక్కువ.

మన ఇంటి దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (అదే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో) జగన్నాథ్ గంగూలీ గారు విటమిన్ ఏ మీద ఏళ్ళ తరబడి పని చేశారు. చిన్నప్పుడు ఆ గోడ పక్కనే స్కూలుకి నడిచాం కదా, లోపల ఇలాంటి పని జరిగిందని ఇక్కడికి వచ్చాకే చదివాను. ఎంత గర్వంగా అనిపించిందో!

నువ్వు ఇప్పుడు వేసుకుంటున్న మల్టీవిటమిన్ సీసా మీద ఏం రాసుందో ఫోటో తీసి పంపు. బీటా కెరోటిన్ అని ఉంటే ఇబ్బంది లేదు. రెటినాల్ అనో రెటినైల్ పామిటేట్ అనో ఉంటే పక్కన ఎన్ని యూనిట్లో చూడు. గర్భంతో ఉన్నవాళ్ళు రోజుకి 10,000 యూనిట్లు (ఐయూ) దాటకూడదని హెచ్చరిస్తారు. ఎంత ఉన్నా సరే, ఈసారి చెకప్‌కి ఆ సీసా తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రం మానొద్దు.

అమ్మకి, నాన్నకి, బావకి నమస్కారాలు చెప్పు.

నీ చెల్లెలు