జవాబు చెప్పే మనిషి ఒక్కరైనా ఉన్నారా?

డైరెక్టర్ గారికి,

నమస్కారం. 9 ఏళ్లుగా మీ హోమ్‌లో ఉంటున్న అబ్బాయి తల్లిని. మా వాడికి 34 ఏళ్లు. మేధో వైకల్యంతో పాటు ఫిట్స్ కూడా ఉన్నాయి. మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పడాల్సిందే.

పోయిన నెల 1వ తారీఖున 60 మాత్రలు లెక్కపెట్టి నర్సు చేతికిచ్చాను. 25న వచ్చి అట్టలు చూస్తే 12 ఉండాల్సిన చోట 19 ఉన్నాయి. అంటే ఏడు పూటలు మాత్ర పడలేదు.

పొరపాటు ఎక్కడైనా జరుగుతుంది. ఇంట్లో నేనూ ఒకటి రెండుసార్లు మర్చిపోయాను. ఎలా జరిగిందని అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేకపోవడమే నేను తట్టుకోలేకపోతున్నాను. నర్సు "నాది పగలు డ్యూటీ, రాత్రి సంగతి వార్డెన్‌ని అడగండి" అంది. వార్డెన్ సెలవు. రిసెప్షన్‌లో అమ్మాయి "రిజిస్టర్‌లో రాయండమ్మా, పైకి పంపిస్తాం" అంది. రాశాను. మర్నాడు హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే బ్రాంచిలోనే చూసుకోవాలన్నారు. బ్రాంచికి చేస్తే హెడ్డాఫీసు నుంచి ఆర్డర్ రావాలన్నారు. సూపర్‌వైజర్ గారు తిరిగి చేస్తారని నాలుగుసార్లు చెప్పారు, ఒక్కసారీ చేయలేదు. వాట్సాప్ మెసేజ్ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. ఒకాయన "పేషెంట్ పేరేంటి? ఫీజు బాకీ ఏమైనా ఉందా?" అని అడిగాడు. వాళ్ల నాన్న చనిపోయిన ఏడాదే వాణ్ని మీకు అప్పగించాను. ఆనాటి నుంచి ఒక్క నెల కూడా ఫీజు ఆలస్యం చేయలేదు. తెలిసినవాళ్లలో మూడు కుటుంబాలకు మీ హోమ్ గురించే చెప్పాను. ఆ బాకీ మాట విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి నేనే వచ్చి 10 గంటల నుంచి 2 దాకా మీ బెంచీ మీద కూర్చున్నాను. మా వాడు వచ్చి నా సంచి పట్టుకున్నాడు. చొక్కా తిరగేసి వేశారు. కింది పెదవి మీద పళ్లు దిగిన గాటు ఎండి నల్లబడింది. ఎప్పుడైందని అడిగితే అక్కడ ఎవరికీ తెలియదు. వాడు చెప్పలేడు. "ఇంటికా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

కూర్చున్నంతసేపూ గోడలు చూశాను. ఫోటోలున్నాయి, షీల్డులున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అందరికీ కనబడేలా పెట్టాల్సిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మాత్రం కనబడలేదు. అది లేకుండా ఇలాంటి హోమ్ నడపకూడదని ఆ చట్టమే చెబుతోంది. ఉంటే కాపీ ఇవ్వండి. రాత్రిపూట ఒక్కో ఆయా ఎంతమందిని చూస్తోందో, మాత్రలు వేసి సంతకం పెట్టేది ఎవరో కాగితం మీద రాసివ్వండి. పేరూ ఫోన్ నంబరూ ఉన్న ఒక మనిషిని ప్రతి కుటుంబానికీ కేటాయించండి. నెలకోసారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఆ రిజిస్టర్లు చూపించండి. జరిగింది చెప్పుకోలేని పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది కావాలి.

10 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ గారికీ, కలెక్టర్ గారికీ ఫిర్యాదు చేస్తాను. వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను. మిగతా తల్లులనూ వెంట తీసుకొస్తాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. వచ్చే ఆదివారం సాయంత్రం వస్తాను. రాత్రి మాత్రలు వేసే మనిషిని ఆ పూట అక్కడ ఉంచండి.

ఇట్లు,
12వ గది అబ్బాయి తల్లి